బ్యాకప్ ఇంటర్నెట్‌కి సిమ్ రౌటర్ కొంటున్నారా? స్పీడ్ కంటే ముందు లేబుల్ చదవండి

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తీగ తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో కరెంటు స్తంభాల మీద వేలాడే కేబుళ్లను విద్యుత్ సిబ్బంది తొలగించడం మొదలుపెట్టారు. చాలా కాలనీల్లో ఒక్కసారిగా ఇంటర్నెట్ ఆగిపోయింది. ఎయిర్‌టెల్ హైకోర్టుకి కూడా వెళ్లింది. తప్పు ఎవరిదన్న చర్చ పక్కన పెడితే, ఒక విషయం మాత్రం అందరికీ అర్థమైంది: ఇంట్లో ఫైబర్ ఉన్నంత మాత్రాన ఇంటర్నెట్ ఉన్నట్టు కాదు.

నేను ఉండేది బోరబండలో. ఇటు కృష్ణానగర్, అటు ఫిల్మ్ నగర్. ఇంటి నుంచే ఎడిటింగ్, సబ్‌టైటిల్స్, డబ్బింగ్ ఫైళ్ల పని చేసుకునే కుర్రాళ్లు మా చుట్టుపక్కల చాలామంది. వాళ్లకి సాయంత్రంలోగా ఫైల్ వెళ్లకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. అందుకే నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే: "బ్యాకప్‌కి ఏ సిమ్ రౌటర్ కొనాలి?" మోడల్ పేరు చెప్పేసే ముందు, ఎలా ఎంచుకోవాలో నేర్చుకుందాం. ఇది వస్తే ఏ మోడల్‌నైనా మీరే తేల్చేయగలరు.

1. బ్యాకప్ అంటే వేరే దారి

ఫైబర్ ఒక కంపెనీది, సిమ్ కూడా అదే కంపెనీది అయితే రెండూ కలిసి పడిపోయే అవకాశం ఉంది. ఎందుకంటే చాలా టవర్లకి కూడా డేటా చేరేది ఫైబర్ మీదుగానే. కాబట్టి సిమ్ వేరే కంపెనీది తీసుకోండి. ఏ కంపెనీ అన్నది పక్కింటివాళ్లని అడిగి కాదు, రౌటర్ పెట్టబోయే గదిలోనే ఫోన్‌తో చూసి నిర్ణయించండి. నెట్‌మాన్‌స్టర్ లాంటి యాప్‌లో ఆర్‌ఎస్‌ఆర్‌పీ అనే అంకె కనిపిస్తుంది. మైనస్ 80 దగ్గర ఉంటే బాగుంది, మైనస్ 110 దాటితే కష్టం. పొద్దున ఒకసారి, రాత్రి 9 గంటలకి ఒకసారి స్పీడ్ టెస్ట్ చేయండి. మనలాంటి ఇరుకు బస్తీల్లో రాత్రి టవర్ మీద లోడ్ పెరుగుతుంది. మీరు నమ్మాల్సింది ఆ రాత్రి అంకెనే.

డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్ చూడండి. 20 జీబీ ఫైల్ 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌లో వెళ్లడానికి దాదాపు నాలుగున్నర గంటలు పడుతుంది. 30 ఎంబీపీఎస్ అయితే గంటన్నర. రోజుకి 2 జీబీ ప్లాన్‌తో ఈ పని కాదు. అన్‌లిమిటెడ్ 5జీ ఆఫర్లు ఎక్కువగా ఫోన్ వాడకాన్ని దృష్టిలో పెట్టుకుని ఇస్తున్నవి. రౌటర్‌లో వేసే ముందు షరతులు చదవండి.

2. బ్యాండ్లు కలవాలి

బాక్స్ మీద 4జీ, 5జీ అని రాసి ఉంటే సరిపోదు. మన కంపెనీలు వాడే ప్రధాన బ్యాండ్లు ఇవి. సర్కిల్‌ని బట్టి కొంచెం తేడా ఉంటుంది:

- జియో: 4జీకి బీ3, బీ5, బీ40. 5జీకి ఎన్28, ఎన్78.
- ఎయిర్‌టెల్: 4జీకి బీ1, బీ3, బీ8, బీ40. 5జీకి ఎన్78.
- వీఐ: 4జీకి బీ1, బీ3, బీ8.
- బీఎస్‌ఎన్‌ఎల్: 4జీకి బీ1, బీ28.

జియో 5జీ స్టాండ్ అలోన్ పద్ధతిలో నడుస్తుంది. రౌటర్‌కి ఎస్‌ఏ సపోర్ట్ లేకపోతే జియో సిమ్ వేసినా 4జీనే వస్తుంది.

అమెరికా నుంచి అన్నయ్యో బావగారో తెచ్చిన హాట్‌స్పాట్‌తో ఇక్కడే చిక్కు. అక్కడి మోడళ్లలో బీ12, బీ13, బీ66, బీ71 లాంటివి ఉంటాయి. అవి మనకి పనికిరావు. మనకి కావాల్సిన బీ40 చాలావాటిలో ఉండదు. పైగా అక్కడి కంపెనీకి లాక్ అయి ఉంటే మన సిమ్ అసలు పట్టదు. ఒకే మోడల్ పేరుతో యూరప్‌కి ఒకటి, ఇండియాకి ఒకటి వేర్వేరు వెర్షన్లు కూడా ఉంటాయి. పేరు కాదు, వెర్షన్ చూడాలి.

3. లేబుల్ ఏం చెబుతుంది

సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా డబ్బులు ఇచ్చే ముందు మూడు విషయాలు చూడండి.

మొదటిది బీఐఎస్. అడాప్టర్ మీద ఐఎస్ 13252 అనే ప్రమాణం, "ఆర్" అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబర్ ఉండాలి. బ్యాటరీ ఉన్న పాకెట్ రౌటర్ అయితే బ్యాటరీకి ఐఎస్ 16046. ఆ ఆర్ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. వచ్చిన బ్రాండ్, వస్తువు మీ చేతిలో ఉన్నదానితో కలవాలి. రౌటర్ 24 గంటలూ ప్లగ్‌లోనే ఉంటుంది కదా, అడాప్టర్ నాసిరకం అయితే ప్రమాదం ఇంటికే.

రెండోది ఈటీఏ. వైఫై, బ్లూటూత్ రేడియో ఉన్న పరికరానికి టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే అనుమతి ఇది. తెచ్చుకోవాల్సింది తయారీదారు లేదా దిగుమతిదారు, మీరు కాదు. కానీ అమ్మేవాణ్ని ఈటీఏ కాపీ అడగొచ్చు. మన దేశంలో 5 గిగాహెర్ట్జ్ వైఫైకి 2018 అక్టోబరులో ఏకంగా 605 మెగాహెర్ట్జ్ లైసెన్స్ లేకుండా వాడుకునేలా తెరిచారు. ఆ పరిధిలో, అనుమతించిన పవర్‌లోనే రౌటర్ పనిచేస్తుందని ఈటీఏ అర్థం. అందుకే సెట్టింగ్స్‌లో దేశం "ఇండియా" అనే ఉంచండి. ఎక్కువ పవర్ కోసం వేరే దేశం పెట్టొద్దు.

మూడోది ఎంటీసీటీఈ. టీఈసీ సంస్థ నడిపే తప్పనిసరి పరీక్షల విధానం ఇది. 2019 అక్టోబరు 1న మొదలై దశలవారీగా విస్తరించింది. భద్రత, రేడియో అంతరాయం, సాంకేతిక ప్రమాణాలు ఇందులో పరీక్షిస్తారు.

"ఇవన్నీ కాగితాలే కదా బ్రో" అనొద్దు. అనుమతి లేని వాకీటాకీలు ఆన్‌లైన్‌లో అమ్ముడవుతున్నాయని 2025లో వినియోగదారుల రక్షణ అథారిటీ ఈ-కామర్స్ కంపెనీలకి నోటీసులు ఇచ్చి, రేడియో పరికరాల అమ్మకంపై మార్గదర్శకాలు తెచ్చింది. వెబ్‌సైట్‌లో దొరికింది కాబట్టి చట్టబద్ధమే అనుకోవడానికి లేదు.

4. ఈ రెండూ అస్సలు వద్దు

సిగ్నల్ బూస్టర్. "నాలుగు పుల్లలు గ్యారంటీ" అని అమ్మే ఈ డబ్బాని సొంతంగా పెట్టుకోవడం చట్టవిరుద్ధం. అది మీ సిగ్నల్‌తో పాటు శబ్దాన్ని కూడా పెంచి టవర్‌కి పంపుతుంది. గోడకి గోడ ఆనుకున్న మన గల్లీల్లో దాని దెబ్బ పక్క బిల్డింగ్ వాళ్ల కాల్స్ మీద పడుతుంది. అంబులెన్స్‌కి చేసే ఫోన్ కూడా ఆ టవర్ మీదే వెళ్లాలి. సిగ్నల్ తక్కువైతే రౌటర్‌ని కిటికీ దగ్గరికి మార్చండి, లేదా యాంటెన్నా పోర్ట్ ఉన్న రౌటర్‌కి కంపెనీ సూచించిన మామూలు యాంటెన్నా పెట్టండి. అందులో యాంప్లిఫయర్ ఉండదు.

ఐఎంఈఐ మార్చడం. ఫోన్ ప్లాన్ రౌటర్‌లో నడవాలని రౌటర్ ఐఎంఈఐ స్థానంలో ఫోన్‌ది రాసే ట్రిక్ వీడియోల్లో తిరుగుతోంది. టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023 ప్రకారం దీనికి మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. సెకండ్ హ్యాండ్ రౌటర్ కొంటే లేబుల్ మీది ఐఎంఈఐ, సెట్టింగ్స్ పేజీలోది ఒకటేనా చూడండి. తేడా ఉంటే వదిలేయండి.

5. కొన్నాక చేయాల్సిన పరీక్ష

ఫైబర్ కేబుల్ పెట్టుకునే వ్యాన్ పోర్ట్, సిమ్ స్లాట్ రెండూ ఉండి, ఒకటి పోతే రెండోదానికి తనే మారే ఫెయిలోవర్ ఉన్న రౌటర్ మేలు. పింగ్ చేసి ఇంటర్నెట్ ఉందో లేదో చూసుకునేలా సెట్ చేయండి. ఎందుకంటే బయట వీధిలో లైన్ తెగినా ఫైబర్ బాక్స్‌కీ రౌటర్‌కీ మధ్య లింక్ లైట్ వెలుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు పెద్ద ఫైల్ ఒకటి అప్‌లోడ్ పెట్టి, ఫైబర్ బాక్స్ వెనకాల వచ్చే లైన్ పీకండి. ఎన్ని సెకన్లలో మారిందో లెక్కపెట్టండి. మారినప్పుడు ఐపీ అడ్రస్ మారుతుంది కాబట్టి అప్‌లోడ్ మధ్యలో ఆగొచ్చు. ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టే టూల్ వాడితే మొదటికి రాదు. ఇంకోటి, మొబైల్ నెట్ మీద బయటి నుంచి సీసీ కెమెరాకి నేరుగా కనెక్ట్ అవ్వడం సాధారణంగా కుదరదు.

చివరగా కరెంటు. 12 వోల్టుల, 1 ఆంపియర్ రౌటర్‌ గరిష్ఠంగా 12 వాట్లు తీసుకుంటుంది. 36 వాట్-అవర్ల మినీ యూపీఎస్ అంటే కాగితం మీద మూడు గంటలు, నష్టాలు పోను కొంచెం తక్కువ. కొనే ముందు మీ అడాప్టర్ వోల్టేజ్, పిన్ సైజు యూపీఎస్‌తో కలుస్తాయో లేదో చూసుకోండి. ఈ పరీక్ష డెడ్‌లైన్ లేని ఆదివారం పెట్టుకోండి. ఏది పనిచేయకపోయినా ఆ రోజే తెలిసిపోతుంది, వస్తువు వెనక్కి ఇచ్చే గడువు కూడా ఇంకా ఉంటుంది.