మిరపతోటలోని మిత్రులు

2021వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోని మిరపతోటలు పూతకు వచ్చిన వేళ రైతులకు గొప్ప ఆపద వాటిల్లెను. ప్రతి పూవులోను సన్నని నల్లని పురుగులు గుంపులుగా కానవచ్చెను. పూత రాలిపోయెను, నిలిచిన కాయలు వంకరలు తిరిగెను. రైతులు మాటిమాటికి మందులు చల్లిరి. అప్పు పెరిగెనేగాని పురుగు తగ్గలేదు. పలువురు తాము నాటిన మొక్కలను తామే పెరికివేసిరి.

ఆ పురుగు నల్ల తామరపురుగు. ఆగ్నేయాసియాకు చెందిన యీ జాతిని మన దేశమున మొదట 2015లో బెంగుళూరులో బొప్పాయి చెట్లపై గుర్తించిరి. దీని పొడవు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. ఇది లేతభాగములను గీరి, ఊరిన రసమును పీల్చును. గ్రుడ్లను ఆకు కండలో దాచును. పిల్లలు పూలలోను, ఆకుల మడతలలోను దాగియుండును. అవి ఎదిగిన పిదప నేలలోనికి చేరి, అచ్చట రెక్కలు తొడిగికొని మరల పైకి వచ్చును. కావున ఒక్కసారి చల్లిన మందు అన్ని దశలను అంటజాలదు. అంతేకాదు, తీవ్రమైన విషము పురుగును తిను జీవులను గూడ చంపును. కావలివారు లేని కోటవలె తోట శత్రువునకు చిక్కును.

ఆ కావలివారిలో ఒకటి పరభక్షక నల్లి. నల్లి యనగానే మిరపరైతు ఉలికిపడును. ఆకుకు క్రిందిముడత తెచ్చునది తెల్లనల్లియే గదా! కాని యీ నల్లి వేరు. ఇది ఆకురసము జోలికి పోక పురుగులను తినును. దీనికి ఎనిమిది కాళ్లు గలవు, కన్నులు లేవు. వాసనచేతను, స్పర్శచేతను వెదకి, తామరపురుగు పసిపిల్లలను పట్టి పీల్చివేయును. పెద్ద పురుగులను మాత్రము పట్టజాలదు. ఆహారము దొరకనపుడు పుప్పొడి తిని బ్రతుకును.

స్పెయిను దేశమున అల్మేరియా యను సీమ కలదు. అచ్చట మిరపజాతిదే యగు లావుమిరపను ప్లాస్టిక్ పందిళ్ల క్రింద పెంచుదురు. 2006వ సంవత్సరాంతమున ఆ కాయలలో నిషిద్ధమైన మందు అవశేషములు బయటపడగా, కొనువారు వెనుదీసిరి. అంతట రైతులు పరభక్షక నల్లులున్న చిన్నసంచులను మొక్కలకు వ్రేలాడదీసిరి. పూలలోని పెద్ద పురుగులను తిను చిన్ననల్లులవంటి వేరొక కీటకమును గూడ విడిచిరి. కొలది యేండ్లలోనే వారిలో అత్యధికులు ఈ పద్ధతిని అవలంబించిరి.

మన పెరటి వేపచెట్టు ఇట్టి మిత్రులకు తోడు నిలువగలదు. వేపగింజలలోని చేదు పదార్థమును 1968లో శాస్త్రజ్ఞులు వేరుపరచి, దానికి అజాడిరక్టిన్ అని పేరిడిరి. ఇది పురుగునకు మేతపై రోత పుట్టించును, కుబుసము విడువనీయదు. ఎండకు త్వరగా విరిగిపోవును. 5 కిలోల వేపపప్పు పొడిని రాత్రి నీటిలో నానబెట్టి, గుడ్డతో వడగట్టి, కొంచెము సబ్బుపొడి కలిపి, 100 లీటర్ల నీటికి సరిపుచ్చి సాయంకాలమున చల్లవలెను.

అయినను ఔషధము మిత్రునిపై పడరాదు. నూనె మీదపడిన నల్లికిని ఊపిరాడదు. కావున మొదట కషాయము చల్లి, కొన్నిదినములు గడచిన పిమ్మట నల్లులను విడువవలెను. పురుగు పెచ్చు పెరుగకముందే యీ పని జరుగవలెను. బయలుపొలములలో గాలికిని ఎండకును నల్లులు నిలుచుట కష్టము. అచ్చట సాలెపురుగులను, అక్షింతల పురుగులను విషమునకు బలిచేయకుండుటయే మొదటి మేలు.

పురుగులన్నియు పగవారు కావు. చంపుటకు ముందు గుర్తించుట నేర్చినవాడే తోటను కాపాడుకొనగలడు.

ప్రశ్నలు

1. ఒక్కసారి మందు చల్లినంత మాత్రమున తామరపురుగు ఏల నశింపదు?
2. తెల్లనల్లికిని పరభక్షక నల్లికిని గల భేదమేమి?
3. కషాయము ముందు, నల్లులు పిమ్మట అనుటకు కారణమును వివరింపుడు.