చెవి క్రింది కంతి

ఉమ్మినీరు పుట్టించు పెద్ద గ్రంథులు మనకు మూడు జతలు గలవు. చెవి ముందరను క్రిందను ఉండునది కర్ణమూల గ్రంథి. తక్కినవి దవడ క్రిందను నాలుక క్రిందను ఉండును. ఇవిగాక అంగిలిలోను పెదవులలోను చిన్న గ్రంథులు వందలకొలది గలవు. గవదబిళ్ళలు వచ్చినప్పుడు వాచునది కర్ణమూల గ్రంథియే. ఆ వాపు నొప్పితోను జ్వరముతోను వచ్చి కొలది దినములలో తీసిపోవును. మేమిచ్చట చెప్పదలచినది నొప్పియు లేక, పోకయు నుండు మఱియొక వాపును గూర్చి.

ఈ గ్రంథులలో లేచు కంతులలో మిక్కిలి తఱచైనది మిశ్రమకంతి. గ్రంథికణములతోపాటు మృదులాస్థిని పోలిన పదార్థము గూడ నుండుటచే దానికా పేరు. ఉసిరికాయంతయై యేండ్లతరబడి మెల్లగా పెరుగును, బాధింపదు. బాధింపనిదానికి వైద్యమేల యని పల్లెలలో పసరు కట్టి యూరకుందురు.

వైద్యులు దీనిని సాధుకంతి యందురు. అనగా రాచపుండువలె దూరమునకు ప్రాకదని యర్థము. అయినను మిక్కిలి యరుదుగా నీ నియమము తప్పినది. మెడలోని శోషరస గ్రంథులలోను, ఎముకలలోను, ఊపిరితిత్తులలోను అదే కంతి మొలచినది. సూక్ష్మదర్శినిలో చూచిన మొదటి కంతికిని దీనికిని భేదము కానరాదు. దీని నే తరగతిలో జేర్చవలెనో పండితులకే తోచలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2005లో దుష్టకంతుల పట్టికలో నుంచి, 2017లో మిశ్రమకంతి శీర్షిక క్రిందికే మార్చిరి.

సాధువైనది ప్రయాణ మెట్లు చేసెను? ఇట్టి రోగులలో చాలమందికి మొదటి శస్త్రచికిత్స పిమ్మట కంతి తిరిగి లేచినది. మెడలోని బిళ్ళ యెన్నో యేండ్లకు గాని కనబడలేదు. కంతిపై పొర మిక్కిలి పలుచన. కంతినిమాత్రమే పెకలించినచో పొర చినిగి కణములు గాయములో చిందును. అవి రక్తనాళములలోనో శోషరసనాళములలోనో చొరబడునని విద్వాంసుల యూహ. కావుననే నేటి శస్త్రవైద్యులు చుట్టునున్న మంచి గ్రంథిభాగముతో గూడ కంతిని తీయుదురు. ముఖమును కదిలించు నరము ఆ గ్రంథి నడుమనుండియే పోవును. అది తెగినచో ఆ వైపు కన్ను మూతపడదు, నవ్వు వంకరయగును. ఇది నేర్పరులు చేయవలసిన పని.

మెడలో బిళ్ళ కనబడినంతనే ఇదియే యని బెదరనక్కరలేదు. పుప్పిపన్ను, గొంతువాపు, క్షయ మున్నగువానిచేతను బిళ్ళలు కట్టును.

మన ప్రాంతమున నింకొక చిక్కు గలదు. చుట్టను నిప్పు నోటిలోపల నుండునట్లు త్రాగు అడ్డపొగ మన యవ్వల యలవాటు. 1971లో ప్రకటింపబడిన పరిశోధనయందు శ్రీకాకుళము జిల్లా పల్లెలలో 10,169 మందిని పరీక్షించిరి. నూటికి 43 మందికి పైగా అడ్డపొగ త్రాగువారే. ఆ వేడికి అంగిలి తెల్లబారి, చిన్న గ్రంథుల ముఖములు ఎఱ్ఱని చుక్కలవలె కనబడును. ఆ చిన్న గ్రంథులలో మిశ్రమకంతి ఎక్కువగా లేచు చోటును అంగిలియే. అవ్వ యంగిలిలో గడ్డ లేచిన అది చుట్టవలన వచ్చిన రాచపుండో, సాధుకంతియో ముక్క తీసి పరీక్షించినగాని తెలియదు. నరసన్నపేటలో కూర్చుండి తేల్చుకొనరాదు. శ్రీకాకుళమునకో, 1923 నుండి విశాఖపట్టణముననున్న కింగ్ జార్జి ఆసుపత్రికో పోవలెను.

కంతి తీయించుకొన్నవారు ఆసుపత్రివారిచ్చిన కాగితములను భూమి పట్టాలతోపాటు పెట్టెలో దాచవలెను. ఇరువది యేండ్లకు మెడలో బిళ్ళ లేచినప్పుడు వైద్యుడు మొదట నడుగునవి అవియే.