12 ఫిరంగులు, 23 మంది: దుగరాజపట్నం కోట కథ

ఇంగ్లీషువారు మచిలీపట్నం నుండి నేరుగా మద్రాసు వెళ్ళి కోట కట్టారని మనలో చాలామంది అనుకుంటాం. నిజానికి మధ్యలో మన నెల్లూరు తీరాన ఒక మజిలీ ఉంది. అదే దుగరాజపట్నం. పాత ఇంగ్లీషు కాగితాల్లో దాని పేరు ఆర్మగాన్. వారికి సాయపడిన ఆర్ముగం మొదలియారు పేరు మీదుగా అలా పిలిచారని చెబుతారు.

ఆ రోజుల్లో ఈ తీరంలో ఇంగ్లీషువారికి అసలు పోటీ డచ్చివారు. దక్షిణాన పులికాట్‌లో 1613 నాటికే డచ్చివారికి గెల్డ్రియా కోట ఉంది. ఇంగ్లీషువారు కొంతకాలం అక్కడే వర్తకం చేయబోయి, వారితో పొసగక వెళ్ళిపోయారు. తర్వాత 1626లో పులికాట్ సరస్సు ఉత్తరపు కొస దగ్గర, దుగరాజపట్నంలో గిడ్డంగి పెట్టుకున్నారు.

చోటు ఎందుకు నచ్చిందో మనం గమనించాలి. మన తీరంలో ఓడలకు ఆశ్రయమిచ్చే అఖాతాలు తక్కువ. ఓడలు దూరంగా లంగరు వేస్తే సరుకును పడవల మీద అలలు దాటించాలి. ఇక్కడ మాత్రం సముద్రంలో నీటి అడుగున పొడవైన ఇసుక తిన్నె ఉంది. దానికీ ఒడ్డుకూ మధ్య నీరు కొంత నెమ్మదిగా ఉంటుంది. తెలిసినవాడికి అది గోడ, తెలియనివాడికి గండం. ఆ తిన్నెను కూడా ఆర్మగాన్ పేరుతోనే పిలిచారు.

గిడ్డంగి చుట్టూ కోట కట్టారు. 1628లో అక్కడ ఉన్నవి 12 ఫిరంగులు. వర్తకులు, సిపాయిలు కలిసి 23 మంది! మన హాస్టల్లో ఒక గదికి ఇద్దరు ముగ్గురు ఎక్కువ, అంతే. ఆ ఏడే గోల్కొండ అధికారుల ఒత్తిడి భరించలేక మచిలీపట్నం వర్తకులు కూడా ఇక్కడికే వచ్చారు. 1632లో గోల్కొండ సుల్తాను ఫర్మానా ఇచ్చాక మచిలీపట్నం మళ్ళీ వారికి అనుకూలమైంది.

మరి ఈ కోటను ఏ సైన్యం పడగొట్టింది? ఎవరూ కాదు. వారికి కావలసింది నేత బట్ట. అది ఇక్కడ చాలినంత, చవకగా దొరకలేదు. ఫిరంగి గిడ్డంగిని కాపాడుతుంది గానీ, గిడ్డంగిని నింపలేదు కదా! ఇక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణంగా వెతుక్కుంటూ పోయి, 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుని నుండి మద్రాసు దగ్గర స్థలానికి అనుమతి పొందాడు. 1640లో ఇక్కడివారు అక్కడికి తరలి, సెయింట్ జార్జి కోట మొదలుపెట్టారు.

రేవు ఆశ మాత్రం మళ్ళీ పుట్టింది. దుగరాజపట్నంలో పెద్ద రేవు కట్టాలని, 2018 చివరికి మొదటి దశ పూర్తి కావాలని 2014 రాష్ట్ర విభజన చట్టంలో రాశారు. దక్షిణాన శ్రీహరికోట రాకెట్ కేంద్రం ఉండటంతో భద్రత ప్రశ్న వచ్చింది. 2018 దాటిపోయింది, రేవు రాలేదు.