తోలిచ్చుడు, ఏలుకునుడు, సెక్షన్ 9

నల్గొండ, మహబూబ్‌నగర్ ఊళ్లలో పెళ్లైన అమ్మాయి భర్త దగ్గర ఉండలేక వచ్చేస్తే, "బిడ్డ తల్లిగారింట్ల కూసున్నది" అంటారు. కొన్నాళ్లకి పెద్దమనుషులు పంచాయితీ పెడతారు. అక్కడ వినపడే మాట: "పిల్లను తోలియ్యుండ్రి, ఆయన ఏలుకుంటడు." ఈ క్రియల్ని ఒకసారి గమనించండి. తోలడం అనే మాట గొడ్లకి, బండికి కూడా వాడతాం. ఏలడం రాజులు చేసే పని. అంత ధైర్యం చేసి ఒక ఇంట్లోంచి లేచి వచ్చిన మనిషికి మాత్రం మిగిలింది "కూసున్నది" అనే మాటొక్కటే!

ఇది పల్లెటూరి భాష అని తీసిపారేయకండి. ఇదే సంగతి చట్టంలోనూ ఉంది, కాకపోతే పేరు గంభీరంగా ఉంటుంది. హిందూ వివాహ చట్టం, 1955, సెక్షన్ 9: దాంపత్య హక్కుల పునరుద్ధరణ. సరైన కారణం లేకుండా భార్యగానీ భర్తగానీ విడిగా వెళ్లిపోతే, రెండోవాళ్లు కోర్టుకి వెళ్లి "తిరిగి కాపురానికి రావాలి" అని డిక్రీ తెచ్చుకోవచ్చు. "తోలియ్యుండ్రి"ని గ్రాంథికంలో రాస్తే ఇట్లే ఉంటుందేమో.

ఈ సెక్షన్‌ని ఎదిరించిన అసలు కేసు మన హైకోర్టులోనే జరిగింది. "మరో చరిత్ర" (1978) హీరోయిన్ సరిత మనందరికీ తెలుసు. ఆ సినిమాకంటే ముందు, 1975 డిసెంబర్‌లో, మద్రాసులో హైస్కూల్ చదువుతున్న పదహారేళ్ల సరితతో తిరుపతిలో పెళ్లయిందని వెంకటసుబ్బయ్య అనే వ్యక్తి చెప్పారు. దాదాపు వెంటనే ఇద్దరూ విడిపోయారు. ఐదేళ్లకు పైగా విడివిడిగా ఉన్నాక ఆయన కడప సబ్ కోర్టులో సెక్షన్ 9 కింద పిటిషన్ వేశారు. సరిత రెండు అభ్యంతరాలు చెప్పారు. ఒకటి, ఈ కేసు వినే అధికారం కడప కోర్టుకి లేదని. రెండోది పెద్దది: ఈ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమని.

1983 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ రెండోదాన్ని ఒప్పుకున్నారు. సెక్షన్ 9 చెల్లదని కొట్టేశారు. ఆయన వాదనలో నాకు బాగా నచ్చిన భాగం సమానత్వం గురించినది. కాగితం మీద భార్యాభర్తలిద్దరూ ఈ పిటిషన్ వేయొచ్చు. కానీ డిక్రీ ఫలితం ఇద్దరికీ ఒకటేనా? ఇష్టం లేని కాపురానికి బలవంతంగా వెళ్తే గర్భం మోయాల్సింది ఆమె, జీవితమంతా మారిపోయేది ఆమెకి. ఎవరితో ఉండాలి, బిడ్డని కనాలా వద్దా అన్నది ఆమె శరీరానికి సంబంధించిన నిర్ణయం, అది ప్రభుత్వం చేతిలోకి పోకూడదు అన్నారు. 14, 21 అధికరణాలు రెండిటికీ ఇది విరుద్ధమని తేల్చారు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిలతో చెప్పింది 2017లో. ఈయన అదే దారిలో 34 ఏళ్ల ముందే ఆలోచించారు.

ఈ సెక్షన్ మన పూర్వీకుల సంప్రదాయం అనుకుంటే పొరపాటే. ఇది ఇంగ్లండ్ చర్చి కోర్టుల నుంచి బ్రిటిష్ వాళ్లతో వచ్చింది. బొంబాయిలో చిన్నప్పుడే పెళ్లైన రుఖ్మాబాయి మీద ఆమె భర్త 1884లో ఇట్లాంటి దావానే వేశాడు. కాపురానికి వెళ్లు, లేదా ఆరు నెలలు జైలుకి వెళ్లు అని 1887లో కోర్టు చెబితే, జైలుకే వెళ్తానన్నారామె. తర్వాత డబ్బు కట్టి రాజీ అయ్యి, లండన్‌లో చదివి డాక్టరయ్యారు. ఇంగ్లండ్ ఆ చట్టాన్ని 1970లో రద్దు చేసుకుంది. మనం ఉంచుకున్నాం.

ఎందుకంటే సరిత తీర్పు ఏడాదికి కొంచెం ఎక్కువ నిలిచింది, అంతే. 1984 ఆగస్టులో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు సెక్షన్ 9 చెల్లుతుందని, కాపురాలు విడిపోకుండా అది ఉపయోగపడుతుందని చెప్పింది. విచిత్రం ఏంటంటే ఆ కేసులో సెక్షన్ 9 కింద డిక్రీ తెచ్చుకుంది భార్య. తర్వాత అదే డిక్రీని చూపించి భర్త విడాకులు అడిగాడు! మన భాషలో చెప్పాలంటే ఈ ఫంక్షన్ ఇంకా డెప్రికేట్ కాలేదు, ఎవరో ఒకరు కాల్ చేస్తూనే ఉన్నారు. గుజరాత్‌లో లా చదివే స్టూడెంట్స్ 2019లో దీన్ని మళ్లీ సుప్రీంకోర్టులో సవాలు చేశారు.

కానీ సరిత సంపాదిస్తున్న నటి. దేవరకొండ పక్క తండాలోనో, అచ్చంపేట దగ్గరి ఊళ్లోనో ఉన్న ఆమెకి భయం రాజ్యాంగం గురించి కాదు, బియ్యం గురించి. సెక్షన్ 9 పిటిషన్ చాలాసార్లు అక్కడే దెబ్బ కొడుతుంది: "నేను రమ్మన్నాను, ఆమే రాలేదు, భరణం ఎందుకివ్వాలి?" అని. ఈ డిక్రీ వచ్చినా పోలీసులు వచ్చి ఎవరినీ లాక్కుపోరు. వినకపోతే ఆస్తి జప్తు చేయొచ్చు. ఏడాది వరకు కాపురం మొదలుకాకపోతే ఇద్దరిలో ఎవరైనా విడాకులు అడగొచ్చు. ఇక భరణం సంగతి. జార్ఖండ్ నుంచి వచ్చిన ఒక కేసులో 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది: డిక్రీ ఉన్నా, వెళ్లకపోవడానికి సరైన కారణం ఉంటే భార్యకి భరణం ఇవ్వాల్సిందే. ఆ కేసులో ఆమెని అత్తగారింట్లో టాయిలెట్ కూడా వాడనివ్వలేదు.

ఇంకో రెండు విషయాలు మన ఊళ్లలో చాలామందికి తెలియవు. 2003 సవరణ తర్వాత విడాకుల పిటిషన్‌ని భార్య తాను ఇప్పుడు ఉంటున్న చోటి కోర్టులోనే వేయొచ్చు, అంటే తల్లిగారి ఊరు ఏ కోర్టు కిందికి వస్తే అక్కడే. లాయర్‌కి డబ్బుల్లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. ఆడవాళ్లకైతే దానికి ఆదాయ సర్టిఫికెట్ కూడా అడగరు.