చెరకు సేద్యంలో సంవత్సరాంత సర్దుబాటు పద్దులు – విశాఖ, అనకాపల్లి ప్రాంతాల నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

పైరు పెరుగుదలకు మార్చి 31వ తేదీతో సంబంధం లేదు. లెక్కల పుస్తకానికి మాత్రం ఆ తేదీయే సరిహద్దు. 1933లో ప్రారంభమైన విశాఖపట్నం ఓడరేవులో మార్చి 30న సరుకు దింపుట మొదలుపెట్టిన ఓడ ఏప్రిల్ 2న పని ముగించుకొన్నచో, ఆ సేవకు రావలసిన ఆదాయంలో ఏ భాగం ఏ సంవత్సరానికి చెందునో నిర్ణయించవలసి ఉంటుంది. ఉక్కు కర్మాగారపు కోక్ ఓవెన్లలో ఉపఉత్పత్తిగా లభించే అమ్మోనియం సల్ఫేట్ మార్చి చివరన గోదాములో మిగిలినచో, అది ఆ ఏటి ఖర్చు కాదు, ముగింపు సరుకు. పరిశ్రమలలో ప్రతి ఏటా జరిగే ఈ విభజన, ఆ నగరానికి కూతవేటు దూరంలోని చెరకు పొలాల లెక్కలలో తరచుగా కనిపించదు. తత్ఫలితంగా లాభసాటి పంట నష్టదాయకంగాను, తీసివేయవలసిన తోట ఉంచదగినదిగాను కనిపించే ప్రమాదమున్నది. క్షేత్ర ప్రదర్శనల ఆదాయ వ్యయాలను నమోదు చేసే విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు ఈ అంశంపై అవగాహన కల్పించుట ఈ వ్యాస లక్ష్యం.

నగదు ప్రాతిపదిక – ఆర్జిత ప్రాతిపదిక

సొమ్ము చేతికి వచ్చినప్పుడు ఆదాయమని, చేయి దాటినప్పుడు ఖర్చని వ్రాయుట నగదు ప్రాతిపదిక. ఆదాయం ఆర్జించిన కాలానికి, ఖర్చు దాని ప్రయోజనం పొందిన కాలానికి చెందునని భావించి వ్రాయుట ఆర్జిత ప్రాతిపదిక. దీనినే అక్రూవల్ పద్ధతి అంటారు. వ్యక్తిగతంగా సాగు చేసే రైతు ఏ పద్ధతినైనా అనుసరించవచ్చును. అయితే ఉత్పత్తిదారుల కంపెనీగా నమోదైన రైతు సంఘానికి ఆ వెసులుబాటు లేదు. కంపెనీల చట్టం, 2013లోని 128వ సెక్షన్ ప్రకారం కంపెనీ లెక్కలు ఆర్జిత ప్రాతిపదికపై, జంటపద్దు విధానంలో ఉండవలెను. 2020లో కేంద్ర ప్రభుత్వం 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాల ఏర్పాటుకు పథకం ప్రారంభించిన తరువాత, ఈ పరిజ్ఞానం వ్యవసాయ విస్తరణలో కూడా అవసరమైనది.

సంవత్సరాంతాన చేయవలసిన సర్దుబాట్లు ప్రధానంగా నాలుగు విధాలు. పని జరిగి సొమ్ము ఇవ్వనివి చెల్లించవలసిన ఖర్చులు. నరికిన కూలీలకు మార్చిలో ఇవ్వని కూలి ఇందుకు ఉదాహరణ. సొమ్ము ఇచ్చి ప్రయోజనం ఇంకా పొందనివి ముందుగా చెల్లించిన ఖర్చులు. వాడని ఎరువు, నిలిచి ఉన్న పైరుపై పెట్టిన పెట్టుబడి ఈ కోవకు చెందుతాయి. సరుకు అప్పగించి సొమ్ము అందనిది రావలసిన ఆదాయం. సరుకు అప్పగించక ముందే అందిన బయానా ముందుగా వచ్చిన ఆదాయం. అది అప్పటికి బాధ్యతయే కాని ఆదాయం కాదు. వీటికి తోడు డ్రిప్పు పరికరాలు, పంపుసెట్టు వంటి వాటిపై తరుగుదలను ఏటా లెక్కించవలెను.

చెరకు ప్రత్యేకత

అనకాపల్లిలో 1913లో నెలకొన్న పరిశోధనా స్థానం, అక్కడి బెల్లం మార్కెట్టు, గోవాడ, ఏటికొప్పాక, తాండవ సహకార చక్కెర కర్మాగారాలు ఈ ప్రాంతపు చెరకు సేద్యానికి గుర్తులు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి ప్రత్యేక జిల్లాగా ఏర్పడుటతో పూర్వపు విశాఖ జిల్లా చెరకు విస్తీర్ణంలో అధిక భాగం ఆ జిల్లాకు చేరినది.

మూడు కారణాల వలన చెరకు లెక్కకు సర్దుబాటు తప్పనిసరి. మొదటిది, చక్కెర సంవత్సరం అక్టోబరు నుండి సెప్టెంబరు వరకు కాగా ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌తో మొదలగును. మార్చి నాటికి ఒకవైపు క్రషింగు, మరొకవైపు కొత్త నాట్లు సాగుతూ ఉంటాయి. రెండవది, ఒకసారి నాటిన ముచ్చెలు మొక్క తోటకే కాక తరువాతి కార్శి తోటలకు కూడా ఆధారం. మూడవది, చెరకు నియంత్రణ ఉత్తర్వు, 1966 ప్రకారం కర్మాగారం చెరకు అందిన 14 రోజులలోగా సొమ్ము చెల్లించవలెను; ఆలస్యమైనచో ఏడాదికి 15 శాతం వడ్డీ చెల్లించవలసి ఉంటుంది.

ఉదాహరణ

బోధన నిమిత్తం ఒక ఎకరా తోటను ఊహించుకొనవచ్చును. 2023 మార్చిలో దుక్కి, ముచ్చెలు, నాట్లకు రూ. 24,000 ఖర్చయినది. ఈ తోట ఒక మొక్క పంట, రెండు కార్శి పంటలు ఇచ్చునని అంచనా. 2023–24లో ఎరువులకు, నీటి తడులకు, జడచుట్టుటకు, ఇతర పనులకు రూ. 57,000 చెల్లించారు. 2024 మార్చి 24న 30 టన్నుల చెరకు కర్మాగారానికి చేరినది. 2023–24 సీజనుకు 10.25 శాతం రికవరీపై ప్రకటించిన గిట్టుబాటు ధర క్వింటాలుకు రూ. 315. ఆ ధరపై రావలసిన సొమ్ము రూ. 94,500. మార్చి 31 నాటికి ఆ సొమ్ము అందలేదు; నరికిన కూలి, రవాణా నిమిత్తం రూ. 9,000 ఇవ్వవలసి ఉన్నది.

నగదు పుస్తకం ప్రకారం 2023–24లో ఆదాయం శూన్యం, ఖర్చు రూ. 57,000. కావున అది నష్టపు సంవత్సరం. ఈ పుస్తకాన్ని సరిచేయుటకు మూడు పద్దులు అవసరం.

1. చెరకు సొమ్ము బకాయి ఖాతా డెబిట్ రూ. 94,500, చెరకు అమ్మకాల ఖాతా క్రెడిట్ రూ. 94,500.
2. నరుకుడు, రవాణా ఖర్చుల ఖాతా డెబిట్ రూ. 9,000, చెల్లించవలసిన ఖర్చుల ఖాతా క్రెడిట్ రూ. 9,000.
3. మొక్క పంట ఖర్చుల ఖాతా డెబిట్ రూ. 8,000, తోట స్థాపన ఖాతా క్రెడిట్ రూ. 8,000.

మూడవ పద్దు వివరణ: 2023 మార్చి 31న రూ. 24,000ను ఖర్చుగా కాక ఆస్తిగా చూపి, మూడు పంటలకు సమానంగా పంచినచో ఒక్కొక్క పంట వాటా రూ. 8,000. మిగిలిన రూ. 16,000 ఆస్తి అప్పుల పట్టికలో కొనసాగును. ఈ సర్దుబాట్లతో 2023–24 ఖర్చు రూ. 74,000, నికరాదాయం రూ. 20,500 అగును.

ఏప్రిల్‌లో సొమ్ము అందినప్పుడు బ్యాంకు ఖాతాను డెబిట్ చేసి, బకాయి ఖాతాను క్రెడిట్ చేయవలెను. దానిని తిరిగి అమ్మకంగా వ్రాసినచో ఒకే చెరకు రెండుసార్లు అమ్ముడైనట్లగును.

మొక్క తోట – కార్శి తోట పోలిక

కార్శి పంటకు ఖర్చు రూ. 55,000, దిగుబడి 26 టన్నులు, ధర మారలేదని భావించినచో అమ్మకం విలువ రూ. 81,900. నాటిన ఖర్చు మొత్తాన్ని మొక్క పంటపైనే వేసినచో మొక్క పంటకు మిగులు రూ. 4,500, కార్శికి రూ. 26,900. ఖర్చును మూడు పంటలకు పంచినచో మొక్క పంటకు రూ. 20,500, ఒక్కొక్క కార్శికి రూ. 18,900. రెండు విధాలుగాను మూడు పంటల మొత్తం మిగులు రూ. 58,300 మాత్రమే. సర్దుబాటు కొత్త లాభాన్ని సృష్టించదు. ఉన్న లాభం ఏ పంటదో చెప్పును.

మూడవ కార్శిని ఉంచవలెనా అను ప్రశ్నకు ఇక్కడ సమాధానం లభించును. అప్పటికి నాటిన ఖర్చు పూర్తిగా పంపిణీ అయినది కావున ఆ కార్శికి దాని సొంత ఖర్చే లెక్క. దిగుబడి 22 టన్నులకు పడిపోయినచో మిగులు రూ. 14,300. మొదటి విధమైన లెక్కలో ఇది మొక్క పంట మిగులుకు మూడు రెట్లు కనుక రైతు తోటను ఉంచుటకే మొగ్గు చూపును. కాని దీనిని పోల్చవలసినది పూర్తి చక్రపు సగటుతో, అనగా ఏడాదికి సుమారు రూ. 19,433తో. ఆ సగటు కంటె తక్కువ కావున తోటను దున్ని తిరిగి నాటుటయే మేలు. మొలక సందులు, తెగుళ్ళ వ్యాప్తి దృష్ట్యా శాస్త్రవేత్తలు ఇచ్చే సలహాను లెక్క కూడా బలపరచును.

జాగ్రత్తలు

బకాయి వడ్డీ విషయంలో వివేకం అవసరం. పై ఉదాహరణలో గడువు దాటిన ప్రతి రోజుకు వడ్డీ సుమారు రూ. 39, అరవై రోజులకు రూ. 2,330. చట్టరీత్యా హక్కు ఏర్పడినను, వసూలు సందేహాస్పదమైనచో దానిని ఆదాయంగా చూపక, వివరణగా నమోదు చేసి, వసూలు నిశ్చయమైనప్పుడు ఆదాయంలో చేర్చుట శ్రేయస్కరం. అసలు బకాయి కూడా దీర్ఘకాలం నిలిచినచో, రాని భాగానికి కేటాయింపు చేయవలెను. లేనియెడల కాగితంపై లాభం, ఇంటిలో అప్పు మిగులును.

ఆస్తిగా చూపిన తోట స్థాపన ఖర్చు శాశ్వతం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వంటి విపత్తులో తోట పూర్తిగా దెబ్బతిన్నచో, మిగిలి ఉన్న మొత్తాన్ని ఆ సంవత్సరమే నష్టంగా వ్రాయవలెను. అట్లే రెండవ కార్శికి ముందే తోటను తీసివేసినచో, మిగిలిన వాటా ఆ ఏటి ఖర్చగును.

నగదు లెక్క నిరుపయోగమని భావించరాదు. ఏప్రిల్‌లో కూలి చెల్లించుటకు చేతిలో సొమ్ము ఉన్నదా అనునది నగదు పుస్తకమే చెప్పును. సేద్యం గిట్టుబాటైనదా అనునది సర్దుబాటు చేసిన లెక్క చెప్పును.

ముగింపు

క్షేత్ర ప్రదర్శన నివేదికలలో ఆదాయ వ్యయ నిష్పత్తిని ఇచ్చునపుడు నాటిన ఖర్చును ఎన్ని పంటలకు పంచినది, బకాయి సొమ్మును ఎట్లు చూపినది, నిలిచిన పైరుకు ఏ విలువ కట్టినది అను మూడు వివరాలను విధిగా పేర్కొనవలెను. ఇవి లేని నిష్పత్తులతో రెండు రకాలను గాని, రెండు యాజమాన్య పద్ధతులను గాని పోల్చుట సరికాదు. ప్రతి ఏటా మార్చి చివరి వారంలో రైతుతో కలిసి ఇచ్చవలసినవి, రావలసినవి, మిగిలినవి అను మూడు జాబితాలు తయారుచేసినచో, సర్దుబాటు పద్దులకు కావలసిన సమాచారమంతయు సమకూరును.