పెరడు ఖాళీ చేస్తే సరిపోదు

కొత్త ఇంట్లో పాలు పొంగించిన వారానికే చాలామంది జేసీబీని పిలుస్తారు. పెరట్లో నడుమెత్తు కలుపు, ఇటుక ముక్కలు, పాత యజమాని వదిలేసిన పగిలిన కుండీలు. గంటకింతని మాట్లాడుకుంటే మధ్యాహ్నానికల్లా నేల చదును. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేస్తారు. రెండు వానలు పడ్డాక చూడండి, అదే కలుపు ఇంకా ఒత్తుగా లేచి ఉంటుంది.

మట్టిలో కలుపు విత్తనాలు ఏళ్ల తరబడి నిద్రపోతుంటాయి. తవ్వితే పైకొస్తాయి, వెలుతురు తగిలితే మొలకెత్తుతాయి. చదును చేసి వదిలేసిన నేల వాటికి మీరు పంచిన శుభలేఖే. అలవాట్ల సంగతీ ఇంతే. రాత్రిపూట ఫోను చూడటం మానేశానంటాడు ఒకాయన. ఆ గంటలో ఏం చేయాలో మాత్రం తేల్చుకోడు. నాలుగు రోజులకు ఫోను మళ్లీ చేతిలో ఉంటుంది. మానడం సగం పనే. ఆ చోట ఏం పెడతారన్నది మిగతా సగం.

కాబట్టి పార పట్టే ముందు ఒకసారి పెరడంతా చూడండి. పొడవాటి కర్రతో పొద తట్టి, బూట్లు తొడుక్కుని, పట్టపగలే వెళ్లండి. పాములుంటాయి మరి. పక్కింటి పెద్దావిడను తోడు పిలిస్తే ఇంకా మంచిది. మీరు కలుపనుకున్న దాంట్లో ఆవిడ గంగవాయిలి కూర, పొన్నగంటి కూర ఏరి చూపిస్తుంది. గునుగు కనబడితే బతుకమ్మ దాకా ఉంచమంటుంది. గోడవారన ఎండినట్టున్న మోడు కరివేపాకుదని తేలినా తేలొచ్చు. వచ్చిన రోజే అన్నీ పీకేసేవాళ్లను ఆఫీసుల్లోనూ చూస్తుంటాం. పాత మేనేజరు పెట్టినదల్లా చెత్తే అంటారు.

ఉపేక్షించకూడనిది వయ్యారిభామ. 1950ల్లో పుణెలో కంటపడి దేశమంతా పాకిన మొక్క ఇది. ఒంటికి తగిలితే దురద, దద్దుర్లు. కొందరికి ఆయాసం కూడా. ఒక్క మొక్కే వేల విత్తనాలు రాలుస్తుంది. అందుకే పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతికి గ్లవ్స్, ముక్కుకు గుడ్డ కట్టుకుని వేళ్లతో సహా లాగేయండి. చెత్తకు నిప్పు మాత్రం పెట్టకండి.

ఇక అసలు పని. మంచం పట్టేంత జాగా తీసుకోండి, అంతే. కలుపు కోసి, రాళ్లేరి, తవ్వి, ఆ రోజే జనుము చల్లండి. అది ఒత్తుగా లేచి కలుపుకు ఎండ తగలనివ్వదు. నెలన్నరకు పూతకు వస్తుంది; అప్పుడు కోసి మట్టిలో కలిపేస్తే పచ్చిరొట్ట ఎరువు. ఆ తర్వాత బెండో తోటకూరో వేయొచ్చు. ఈలోగా పక్కన ఇంకో మంచమంత. మిగతా పెరడు అడవిలా ఉన్నా సిగ్గుపడకండి, చుట్టాలు ఏమైనా అననివ్వండి.

‘ప్రకృతికి వదిలేద్దాం’ అని తప్పించుకునేవాళ్లూ ఉంటారు. జపాన్ రైతు మసనోబు ఫుకువోకా యువకుడిగా ఉన్నప్పుడు తండ్రి నారింజ తోటను అలాగే వదిలేశాడు. అప్పటిదాకా కత్తిరింపులకు అలవాటుపడిన చెట్లవి. కొమ్మలు చిక్కులు పడి, పురుగు పట్టి చాలా చచ్చిపోయాయి. మనిషి చేయి ఒకసారి పడ్డ చోటును గాలికొదిలేయడం ప్రకృతి సేద్యం కాదని ఆయన అప్పుడే గ్రహించాడు.

చివరగా తుంగ. పైన కోస్తే లాభం లేదు, కింద గడ్డలుంటాయి. పారతో నరికితే ముక్క ముక్కకూ మొలక. అయితే దానికి నీడ గిట్టదు. చిలగడదుంప తీగో గుమ్మడి పాదో పైకి పాకించండి, కనబడ్డప్పుడల్లా గడ్డతో సహా తవ్వి తీయండి. తుంగను పూర్తిగా వదిలించుకున్నవాళ్లను నేనింకా చూడలేదు. పక్కనే గుమ్మడికాయలు కోసుకుంటున్నవాళ్లను చూశాను.