పదకొండో అంతస్తుకి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మడుకి,

ప్రభువు పేరిట మావయ్య దీవెనలు.

నీ ఉత్తరం చేరింది. ఊళ్లో ఉన్నంతకాలం ప్రార్థన దానంతట అదే వచ్చేదని, గచ్చిబౌలిలో పదకొండో అంతస్తుకి మారాక రోజూ పొద్దున్నే ఫోన్‌లో వాక్యం వస్తున్నా మనసు కదలడం లేదని రాశావు. ఏసీ ఆఫీసులో జనవరికీ జూన్‌కీ తేడా తెలియడం లేదని కూడా మధ్యలో ఎక్కడో అన్నావు. ఊరికే అన్న ఆ మాటే మావయ్యకి ముఖ్యంగా తోచింది. ప్రార్థన ఎండిపోవడానికీ కాలం తెలియకపోవడానికీ సంబంధం ఉంది. ఈ ఉత్తరమంతా దాని గురించే.

బైబిలు మనుషులు కాలం తెలిసి బతికారు. పస్కా వచ్చేసరికి యవలు కోతకొస్తాయి. పెంతెకొస్తు నాటికి గోధుమ కోతలు. ద్రాక్షపళ్లు తొక్కి, పంటంతా ఇల్లు చేరాక పర్ణశాలల పండుగ, ఏడు రోజులు కొమ్మల పందిళ్ల కింద కాపురం. పాలస్తీనాలో వానలు అక్టోబరు, నవంబరుల్లో మొదలై ఏప్రిల్‌తో ఆగిపోతాయి. వేసవి పొడవునా చినుకు పడదు. మన రైతు మృగశిర కార్తె కోసం ఆకాశం వంక చూసినట్టే యూదయ రైతు శరత్కాలపు మబ్బు కోసం చూశాడు. యాకోబు తన పత్రికలో ఓర్పు గురించి రాయాల్సి వచ్చినప్పుడు ప్రవక్తల కంటే, యోబు కంటే ముందు ఆ రైతునే సాక్షిగా నిలబెట్టాడు.

యేసు ప్రభువు కూడా అంతే. పడమట మబ్బు లేస్తే వాన అనీ, దక్షిణపు గాలి వీస్తే వడ అనీ చెప్పగలిగిన జనం తమ ముందున్న కాలాన్ని ఎందుకు గుర్తుపట్టరని గట్టిగానే అడిగాడు. ఆయన మాటలు విన్నవాళ్లకి కనీసం మబ్బు చదవడం వచ్చు. అద్దాల కిటికీల వెనక బతికేవాళ్లకి ముందు పోయేది ఆ విద్యే. అది పోయాక విత్తువాడి ఉపమానం, అంజూరపు చెట్టు ఉపమానం పరీక్షకి చదివిన పాఠాల్లా మిగులుతాయి.

మన తెలుగు సంఘాలకి పండుగలు మట్టివాసనతోనే అందాయి. శ్రమకాలం ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో మొదలవుతుంది. చెట్లు ఆకు రాల్చేది, తెలంగాణ గుట్టల మీద మోదుగలు ఎర్రగా పూసేది అప్పుడే. మట్టల ఆదివారం పిల్లల చేతుల్లో ఉండేవి ఈతమట్టలు, కొబ్బరిమట్టలు. ఈస్టరు తేదీ ఎలా కడతారో ఎప్పుడైనా గమనించావా? మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటాక మొదటి ఆదివారం. అంటే ఆ పండుగని ఇప్పటికీ చంద్రుడి లెక్కతోనే నిర్ణయిస్తున్నారు. గెత్సేమనే తోటలో ప్రభువు ప్రార్థించింది పస్కా పున్నమి రాత్రుల్లోనే. శిష్యులు నిద్రకి ఆగలేకపోయింది ఆ వెన్నెల్లోనే. వచ్చే ఏడు పెద్ద గురువారం రాత్రి ఆరాధన అయ్యాక లిఫ్టులో పైదాకా వెళ్లి, టెర్రస్ మీద ఒక గంట మెలకువగా కూర్చో. ఒలీవల కొండ కథ పుస్తకంలో చదివినప్పటికంటే దగ్గరగా వస్తుంది.

ఆ మూడోనాడు, ఈస్టరు తెల్లవారుజామున జరిగే సంగతి నీకు తెలిసిందే. సమాధులకి సున్నం కొట్టి, పూలు పెట్టి, చీకటి ఉండగానే కొవ్వొత్తులతో ఊరంతా సమాధుల తోటకి చేరుతుంది. పాటలు సాగుతుండగా తూర్పున తెల్లవారుతుంది. సాయంత్రం ఆరింటికి ఎవరూ ఆ ఆరాధన పెట్టుకోరు. సూర్యుడు లేచే వేళకి ఎదురుచూడటం ఆ ఆరాధనలో సగం.

ఇక కోత పండుగ. బల్ల చుట్టూ వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, బుట్టలో గుడ్లు, కాళ్లు కట్టిన నాటుకోడి. ఆరాధన అయ్యాక వేలం. మామూలు నిమ్మకాయ ఒకటి వందల రూపాయలకి పోతుంది, కొన్నవాడు దాన్ని మళ్లీ వేలానికే ఇచ్చేస్తాడు. పంట బాగా పండినవాడూ, కౌలుకి చేసి అప్పుల్లో మిగిలినవాడూ ఒకే బల్ల ముందు నిలబడతారు. కృతజ్ఞత అంటే ఏమిటో ప్రసంగం కంటే ఆ వరుస బాగా చెబుతుంది. పొలం లేనివాళ్లు ఏం తేవాలి అని అడుగుతావేమో. మిజోరం ప్రెస్బిటేరియన్ సంఘంలో ఆడవాళ్లు పూటపూటా వంటకి బియ్యం కొలిచేటప్పుడు ఒక గుప్పెడు దేవునికని పక్కన పెడతారు. 1910లో మొదలైన ఆ అలవాటు నేటికీ నడుస్తోంది, దాంతో వాళ్లు సువార్త పనినే పోషిస్తున్నారు. మన వైపు ఇళ్లలోనూ గుప్పెడు బియ్యం తీసే తల్లులున్నారు. నీ ఎలక్ట్రిక్ కుక్కర్ పక్కన ఒక డబ్బా పెట్టడానికి పెద్ద చోటేమీ పట్టదు.

ఇంతవరకూ చెప్పింది కాలం కలిసొచ్చినప్పటి మాట. ప్రకృతి అనగానే పూలు, పక్షులు, చల్లగాలి చూపించి దేవుని ప్రేమ ఇదిగో అని ముగించే ప్రసంగాలు చాలా వస్తున్నాయి. అవి సగం నిజం. మిగతా సగం మన ఒంగోలు చరిత్రలోనే ఉంది, కాస్త వివరంగా చెప్పాలి.

అమెరికన్ బాప్టిస్టులు శామ్యూల్ డే గారిని తెలుగువారి మధ్యకి పంపింది 1830లలో. నెల్లూరు కేంద్రంగా ఏళ్ల తరబడి పని చేసినా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఆ మిషన్‌ని మూసేద్దామన్న చర్చ ఒకసారి కాదు, పలుమార్లు వచ్చింది. దానికి ఒంటరి నక్షత్రం అని పేరు పడిపోయింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషన్‌లో పనిచేసే జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు కలిసి ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. చుట్టూ పల్లెలు, కింద మసక చీకటి, ఎక్కింది ఐదుగురు. జాన్ క్లౌ గారు ఒంగోలు వచ్చింది 1866లో. అంటే ఆ ఉదయానికీ జవాబుకీ మధ్య పన్నెండేళ్లు. ఆ కొండనే ఇప్పుడు అందరం ప్రార్థన కొండ అంటున్నాం.

పదేళ్లు గడిచాయి. 1876లో వానలు మొహం చాటేశాయి. 1878 దాకా సాగిన ఆ మహా కరువులో దక్షిణాది లక్షల ప్రాణాలు పోగొట్టుకుంది. ఆకలికి తోడు కలరా వచ్చింది. అప్పుడు క్లౌ గారు చేసిన పని గమనించు. ఆయన సర్వే పని తెలిసిన మనిషి. కరువు పనుల కింద ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైబడిన ముక్కని కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకి పలుగూ పారా ఇచ్చి కూలి చెల్లించాడు. తోటి బోధకులు మేస్త్రీలుగా నిలబడ్డారు. తట్టలు దించి జనం సేద తీరే వేళ వాక్యం చెప్పారు. కూలీల్లో ఎక్కువమంది మాదిగలు. అంతకుముందు ఎవరూ పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడని మనుషులు.

కరువు సాగుతుండగానే చాలామంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు తీరేదాకా ఆగమన్నాడు. సాయం ఆగిపోయాక కూడా జనం ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో దిగి, ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

మావయ్యకి ఆ అంకె కంటే ఆ ఆగడం గొప్పగా కనిపిస్తుంది. చేతిలో పంట ఉన్నట్టు కనిపిస్తున్నా అది కోతకాలం కాదని గుర్తుపట్టడం అందరికీ సాధ్యం కాదు. మరో సంగతి, ఆయన కరువుని దీవెన అనలేదు. కాలువ తవ్వించాడు. అలాగే 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి పదివేలమందికి పైగా పోయినప్పుడు, అక్కడికి వెళ్లినవాళ్లు శవాలు మోశారు, నీళ్లు పంచారు. ఆ ఒడ్డున నిలబడి సముద్రం అందం మీద కీర్తన చదవగలిగినవాళ్లు ఉండరు. సృష్టి యావత్తూ ప్రసవవేదన పడుతున్నట్టు మూలుగుతోందని పౌలు రోమీయులకి రాశాడు కదా. ఆ మూలుగు వినకుండా పూలని మాత్రమే చూసే భక్తి మొదటి తుపానుకే కొట్టుకుపోతుంది.

ఇప్పుడు నీ ఎండిపోయిన ప్రార్థన సంగతి. నూజివీడు వైపు మామిడి రైతు పూతకి రెండు మూడు నెలల ముందు తోటకి నీళ్లు ఆపేస్తాడు. ఆ రోజుల్లో తడి ఎక్కువైతే చెట్టు కొత్త చిగురు వేస్తుంది, పూత తగ్గుతుంది. చలీ పొడి వాతావరణమూ కుదిరితే డిసెంబరు, జనవరిలో కొమ్మల చివర పూమొగ్గ కడుతుంది. నీళ్లు ఆపిన తోట పైకి చూస్తే పెరగడం మానేసినట్టే ఉంటుంది. నీ ప్రార్థన ఎండిన ఈ కాలం కూడా అలాంటిది కావచ్చు. ఖాయంగా అదేనని మాత్రం అనలేం. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, పొద్దున లేవబుద్ధి కాకపోవడం వారాల తరబడి ఉంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అందులో విశ్వాసం తక్కువైందేమీ లేదు. యెజెబెలుకి భయపడి పారిపోయి, బదరీ చెట్టు కింద చావు కోరుకున్న ఏలీయాకి దూత ప్రసంగం చెప్పలేదు. కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చి నిద్రపోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ తినిపించాడు. హోరేబు కొండ మీద గాలి, భూకంపం, నిప్పు దాటిపోయాక వినిపించిన మెల్లని స్వరం ఆ తర్వాత సంగతి.

నగరంలో ఏం కనిపిస్తుంది అనుకోకు. మీ ఫ్లాటు వెనక పేలుళ్లతో పగలగొట్టగా మిగిలిన బండరాళ్లున్నాయే, హైదరాబాద్ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. పర్వతాలు పుట్టకముందే ఉన్న దేవుడికి మోషే చేసిన ప్రార్థన, తొంభయ్యో కీర్తన, ఆఫీసుకి వెళ్లే ముందు ఆ రాళ్ల పక్కన నిలబడి చదువు. చలికాలంలో ఒక శనివారం పొద్దున మియాపూర్ దాటి అమీన్‌పూర్ చెరువుకి వెళ్లు. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తించిన చెరువది, దూరదేశాల పక్షులు వస్తాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికైతే ఏటా సెప్టెంబరులో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ జాతి కొంగలు వచ్చి గూళ్లు కట్టి, పిల్లల్ని చేసుకుని మార్చికల్లా వెళ్లిపోతాయి. ఊరివాళ్లు వాటికి హాని జరగనివ్వరు. కొంగకి కూడా తన రాకపోకల వేళ తెలుసని, దేవుని జనానికే ఆయన దారి తెలియడం లేదని యిర్మీయా బాధపడింది ఇలాంటి వలసపక్షుల్ని చూసే.

చూసిన ప్రతిదాన్నీ వెంటనే పాఠంగా మార్చకు. కవి జాషువా గారు గిజిగాడి మీద, సాలీడు మీద పద్యాలు చెప్పారంటే, ముందు ఆ గూడు ఎలా అల్లిందో, ఆ దారం ఎలా సాగిందో తీరిగ్గా చూడబట్టే. నువ్వూ ఒక నోటుపుస్తకం పెట్టుకుని తొలి వాన తేదీ, వేప పూత, కోయిల కూత రాసుకో. పక్కన ఆ రోజు చదివిన కీర్తన సంఖ్య వేసుకో. ఆర్నెల్లలో నీకంటూ ఒక కాలపట్టిక తయారవుతుంది. రోహిణి కార్తె ఎండల్లో బాల్కనీలో పిట్టలకి నీళ్లు పెట్టడంతో ఆగకుండా, పదకొండు అంతస్తులకి పార్సిళ్లు మోసుకొచ్చే కుర్రాడికీ, గేటు దగ్గర నిలబడే వాచ్‌మన్‌కీ చల్లటి మజ్జిగ ఇవ్వు. ఎండాకాలం గురించి చేసే ప్రార్థనకి అక్కడే అర్థం దొరుకుతుంది.

చివరగా ఒక పని. మెదక్ చర్చికి వెళ్లిరా. మిషనరీ పోస్నెట్ గారు 1914లో మొదలుపెట్టించిన ఆ కట్టడం కూడా కరువు రోజుల్లో వేలమందికి పనీ తిండీ ఇచ్చిందే. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం చిత్రించిన మూడు రంగు అద్దాల కిటికీలు లోపల ఉన్నాయి. బయటి ఎండ వాటి గుండా వస్తేనే రంగులు కనిపిస్తాయి, పొద్దుగూకాక ఏమీ తెలియదు. అందుకని సాయంత్రం బయల్దేరొద్దు. క్రిస్మస్ నాడైతే జనంలో నిలబడే చోటు దొరకదు, మామూలు వారం చూసుకో. సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండులో పొద్దున్నే బస్సెక్కితే ఎండ బాగా వచ్చే వేళకి చేరిపోతావు. మీ అత్తయ్య పులిహోర పొడి పంపుతోంది, దారికి కలుపుకుని పట్టుకెళ్లు. ఏ కిటికీ ముందు ఎక్కువసేపు కూర్చున్నావో వచ్చే ఉత్తరంలో రాయి.

ప్రభువులో,
మీ మావయ్య